అరిగిన వేళ్లు

"సరిపోలలేదు" అంటూ తెర ఎర్రబడింది.

"మళ్లీ పెట్టండి. గట్టిగా" అన్నాడు గుర్తింపు సంఖ్యల కేంద్రంలో ఆపరేటరు.

"ఇంకా గట్టిగా నొక్కితే మీ మిషనుకు సొట్ట పడుతుంది సార్!"

ఆమె వడ్రంగి కూతురు. తండ్రి చేసిన కుర్చీలను గరుకు కాగితంతో రుద్ది నున్నగా తేల్చేది ఆమే. చెక్కతోపాటు వేళ్ల గీతలూ అరిగిపోయాయి. నర్సు కోర్సులో సీటొచ్చింది. శనివారంలోగా వేలిముద్ర పడకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ప్రభుత్వానికి మనిషి ఎదురుగా నిలబడితే చాలదు. వేలు ఒప్పుకోవాలి.

"కళ్లతో కూడా చూస్తారటగా?"

"కళ్ల మిషను రిపేరుకెళ్లిందండీ."

"మీ కళ్లకు ఏ రిపేరూ లేదు. ఇందాకట్నుంచీ నన్నే చూస్తున్నాయి."

వరుసలో వాళ్లు నవ్వారు. అతను మౌసు కోసం బల్లంతా తడిమాడు. అది చేతిలోనే ఉంది.

"శనివారం దాకా వేళ్లకు పని చెప్పకండి. గీతలు మళ్లీ తేలతాయి."

"మరి కుర్చీలెవరు రుద్దుతారు, మీరా?"

ఎగతాళికి అంది. సాయంత్రం అతను చొక్కా చేతులు మడుచుకుని వాళ్ల వడ్రంగం షెడ్డు ముందు నిలబడ్డాడు. ప్రేమలో పడ్డవాడికి ఎగతాళి కూడా పిలుపే.

"ఎవరే ఈయన?" అన్నాడు వడ్రంగి.

"పని నేర్చుకుంటారట నాన్నా."

"చెక్క చార వెంట రుద్దు బాబూ. అడ్డంగా రుద్దితే పిల్లి గీకినట్టుంటుంది."

రోజూ వచ్చాడు. రోజూ పిల్లి గీకినట్టే రుద్దాడు. ఆమె వేళ్లకు నూనె రాసుకుని, స్టూలెక్కి కూర్చుని పెత్తనం చేసింది.

"కాలు మిగిలిపోయింది."

"ఎవరిది?"

"కుర్చీది!"

ఒకరోజు రేకుల మీద వాన దంచింది. మాట వినపడక ఆమె దగ్గరికి జరిగింది. వాన ఆగకూడదని అతను మొక్కుకున్నాడు.

"ఎందుకండీ మీకీ చాకిరీ?"

"మీ సీటు పోకూడదని."

"అంతేనా?"

"మిగతాది సీటు దక్కాక చెబుతా."

శనివారం తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. మిషను తెరవాలంటే ముందు ఆపరేటరు వేలు పెట్టాలి. పెట్టాడు.

"సరిపోలలేదు."

తుడిచాడు, ఊదాడు, మళ్లీ పెట్టాడు. ఎరుపే.

"గట్టిగా నొక్కండి సార్" అంది ఆమె. ఆ వెంటనే గడియారం చూసి నవ్వు మింగేసింది. మూసే వేళయింది.

పై అధికారిణి వచ్చి అతని వేలు వెలుతురులో తిప్పి చూసింది. "ఏం చేశావయ్యా దీన్ని?"

"కుర్చీలు రుద్దానండీ."

"ఇక్కడున్న కుర్చీ చాల్లేదా నీకు?" అంటూ తన వేలితో మిషను తెరిచింది.

ఆమె ఊపిరి బిగబట్టి వేలు పెట్టింది. తెర ఆకుపచ్చగా వెలిగింది.

"గీతలు తేలేదాకా నువ్వు ఆ సీట్లో కూర్చోకు. బయట టోకెన్లు పంచు" అని అధికారిణి వెళ్లిపోయింది.

"నా సీటు దక్కింది, మీది పోయింది" అంది ఆమె మెల్లగా. "మిగతాది చెప్పండి మరి."

అతను చెయ్యి చాపాడు. "అరిగిపోయింది. ఫర్వాలేదా?"

ఆమె తన చెయ్యి అందులో పెట్టింది. "సరిపోయింది."

వడ్రంగి దగ్గాడు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"బాబూ, రేపు షెడ్డుకు నువ్వొక్కడివే రాకు. మీ పెద్దవాళ్లను తీసుకురా. నువ్వు రుద్దిన కుర్చీలు ఒక్కటీ అమ్ముడుపోలేదు. వాళ్లే కూర్చుంటారు."