బూట్ల కొట్టు రేకు వెనక

చీకటి పడ్డాక మా మెయిన్ వీధిలో ఎవరూ నడవని చోటు ఒకటుంది. శ్మశానం అనుకునేరు... కాదు. అయోవా మొత్తం మీద ఇంత కొత్తగా మెరిసేది లేదని మేము గొప్పలు చెప్పుకున్న బూట్ల కొట్టు.

పంతొమ్మిది వందల యాభై ఏడు వేసవిలో ఆర్విల్ లిండ్‌క్విస్ట్ దానికి కొత్త ముఖం పెట్టించాడు. వాళ్ల నాన్న కట్టించిన ఇటుక గోడను చూసి పట్నం ఆర్కిటెక్టు ముక్కు విరిచాడు. "పై అంతస్తు కంటికి అడ్డం," అన్నాడట. అంతే — కింద ఏటవాలు అద్దాలు వచ్చాయి. పైన కిటికీల్నీ, గోడ మీది నాన్న పేరునీ కలిపి మూసేస్తూ చిల్లుల అల్యూమినియం రేకు, దాని మీద ఎర్ర నియాన్ అక్షరాల్లో 'షూస్'. ఆ ఒక్క మాటా లేకపోతే పళ్ల డాక్టరు దగ్గరికొచ్చామనుకునేవాళ్లం.

కొట్టు మేడ మీదుండే తల్లి హల్డాను ఊరి చివర కట్టుకున్న కొత్తింటికి తీసుకెళ్లానని ఆర్విల్ చర్చిలో అందరికీ చెప్పాడు. మోకాళ్ల నొప్పులట, బయటికి రాలేదట. బంగారంలాంటి కొడుకు అనుకున్నాం.

నవంబరులో మొదలైంది. శుక్రవారాలు కొట్లు తొమ్మిదిదాకా తెరిచి ఉంటాయి, ఊరంతా వీధిలోనే ఉంటుంది. ఐదింటికే చీకటి. అప్పుడు ఆ రేకు వెనక, ఖాళీ మేడలోంచి... టక్. టక్. టక్.

మెథడిస్టు చర్చివాళ్లు గాలన్నారు, లూథరన్ చర్చివాళ్లు ఎలుకలన్నారు. ఇద్దరూ అవతలి పేవ్‌మెంటు మీదికి మాత్రం మారిపోయారు. క్రిస్మస్ దాకా ఇలాగే సాగితే ఆర్విల్ కొట్టు మూసుకోవడమే. "రేకు చలికి ముడుచుకుంటోంది," అంటాడతను. రేకుకి శుక్రవారాలే ఎందుకు చలేస్తుందో అడిగినవాడు లేడు.

ఇక్కణ్ణుంచి కథంతా, కొట్లకి బోర్డులు బిగించే డెల్బర్ట్ క్రాస్ నాతో చెప్పిందే.

ఓ శుక్రవారం సాయంత్రం, నియాన్ బోర్డులో చివరి అక్షరం మిణుకుమిణుకుమంటోందని ఆర్విల్ అతన్ని నిచ్చెనెక్కించాడు. "అక్షరం మటుకే చూడు. రేకు ముట్టుకోకు," అని రెండుసార్లు చెప్పాడట.

ఎక్కాడు. స్క్రూ తిప్పబోయాడు... సరిగ్గా చెవి పక్కన — టక్.

డెల్బర్ట్‌కి పైప్రాణం పైనే పోయింది. చిల్లులోంచి చూశాడు. అటువైపు నుంచి ఒక కన్ను... చూస్తోంది.

దిగి పరిగెత్తవలసినవాడు, చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్న పాపానికి నాలుగు స్క్రూలు ఊడదీశాడు. పనివాడి బుద్ధి మరి. రేకు జానెడు జరిగింది.

తెరిచిన కిటికీ. కుర్చీ. మగవాళ్ల బూటు చేత్తో పట్టుకుని — హల్డా.

"అమ్మగారూ... మీరు కొత్తింట్లో కదా?"

"ఆ ఇంట్లో నా కుర్చీ నప్పలేదట. నేనూ నప్పలేదు," అంది ముసలావిడ. "వెనక మెట్ల మీద భోజనం పెట్టిపోతారు. నలభై ఏళ్లు ప్రతి శుక్రవారం ఇక్కడ కూర్చునే ఊరిని చూశాను అబ్బాయ్. ఇప్పుడు ఈ చిల్లుల్లోంచి టోపీలు తప్ప మొహాలు కనపడవు. కొడితేనన్నా తలెత్తుతారని."

"కిందికి దిగి ఆర్విల్‌తో ఓ మాట చెప్పకపోయారా?"

"నన్నడిగి మూశాడా, నేను దిగి అడగడానికి?"

డెల్బర్ట్ చెబుతుంటే నాకే ఒళ్లు మండింది.

అవతలి పేవ్‌మెంటు మీద జనం తలలెత్తి నిలబడ్డారు. వాళ్లకు ఇంకా ఏమీ కనపడటం లేదు. నిచ్చెన కింద ఆర్విల్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"డెల్బర్ట్..." గుసగుసే, కాని పైదాకా వినపడే గుసగుస. "మూసెయ్. ఎవరైనా అడిగితే దెయ్యమని చెప్పు. దెయ్యమైతే నన్నెవరూ ఏమీ అనరు."

హల్డా బూటుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"అలాగే చెప్పు అబ్బాయ్," అంది. "ఇన్నాళ్లూ కొడుకు కదా అని మెల్లగా కొట్టాను."