కాలినడకన ఓడెక్కినవాళ్ళు

ఫ్రెడీని చంపినవాళ్ళు అతని పర్సు ముట్టుకోలేదు, వాచీ ముట్టుకోలేదు. కోటు జేబులోని టికెట్టు మాత్రం పట్టుకుపోయారు. లండన్ నుంచి హాలెండ్ దాకా రైలూ, ఓడా, మళ్ళీ రైలూ కలిపి ఒకే ముక్కగా ఇచ్చే టికెట్టు అది. 2001 మార్చి నెలలో, పట్టపగలు, హార్విచ్ రేవు స్టేషన్ బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అందరూ గుండెపోటన్నారు. మెడ వెనక సూది గుచ్చిన చుక్కని ఆఫీసు డాక్టరు ఒక్కడే చూశాడు.

మూడు వారాల తర్వాత స్టాన్‌మోర్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీ వెనక గదిలో వెంకటసుబ్బారావు ఫైలు తెరిచాడు. ముందు గదిలో యూరప్ టూర్ల పోస్టర్లు, వెనక గదిలో భారత గూఢచారి శాఖ లండన్ డెస్కు. ఆ డెస్కుకి అతనే బాసు. పోయిన ఫ్రెడీ అతని ఏజెంటే, తెలుగువాడే. ఎదురుగా ఏజెంట్ హన్మంతు కూర్చున్నాడు. ఉండే స్విండన్ ఊళ్ళో అందరికీ అతను సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరు. సొంతూరు జగిత్యాల దగ్గర.

"ఒక ఫ్లాపీ, పదకొండు పేర్లు," అన్నాడు బాసు. "గల్ఫ్‌లో మనకి సమాచారం ఇచ్చేవాళ్ళ పేర్లు. మన కంప్యూటర్లోంచే కొట్టేశారు. ఉన్నది ఒక్కటే కాపీ. రెండోది తీస్తే కొనేవాళ్ళు ఒప్పుకోరు. దాన్ని ఓడ మీద హాలెండ్ చేరుస్తారని ఫ్రెడీ పసిగట్టాడు, ఆ ఆనవాలు మనకి దొరక్కూడదనే టికెట్టు పట్టుకుపోయారు."

ఆ పదకొండులో నాలుగో పేరు మొగిలయ్య. దుబాయ్‌లో ఒక ఆయుధాల దళారీ ఇంట్లో వంటవాడు, హన్మంతు అక్క భర్త. "నీకేం గాదు బావా, నా పూచీ" అని చెప్పి అతన్ని ఈ పనిలోకి దించింది హన్మంతే. ఫ్లాపీ చేతులు మారితే మొగిలయ్య వారం రోజులు కూడా బతకడు. ఆ సంగతి బాసుకీ తెలుసు. అందుకే మరొకరిని కాకుండా హన్మంతునే పిలిపించాడు. ఆ ఆఫీసులో మనిషి బాధని కూడా వృథాగా పోనివ్వరు.

"ఓడల ఎందుకు పంపుతున్రు సార్?"

"విమానానికైతే టికెట్టు మీద పేరుండాలి. సొరంగం రైలైతే సామాను ఎక్స్‌రే. కారుతో ఎక్కితే నంబరు రాసుకుంటారు. నడిచెక్కేవాణ్ణి ఎవడు చూస్తాడయ్యా? ఓడ దిగితే పక్కనే ప్లాట్‌ఫారం. రోటర్‌డామ్ రైల్లో కొనేవాళ్ళు కూర్చునుంటారు. రైలు కదిలిందా, ఇక అంతే. డచ్చి గడ్డ మీద నువ్వెవరో మాకు తెలీదు."

"తెచ్చేది ఎవరు?"

"మన 'ముత్యం' చూపిస్తుంది. ఫ్లాపీ కొట్టేసిన ముఠాలో మన మనిషి. పేరు మారీసా, బెల్జియం పాస్‌పోర్టు. ఐదు భాషలు మాట్లాడుతుంది. తెలుగు మాత్రం ముక్క రాదు. కాబట్టి ఆవిడ పక్కనున్నా నాతో ఫోన్లో ధైర్యంగా మాట్లాడు. ఫ్రెడీ కూడా అలాగే మాట్లాడేవాడు."

హన్మంతు తలూపాడు. ఇంగ్లండులో తెలుగువాళ్ళందరి ధైర్యమూ అదే. బస్సులో, లిఫ్టులో, డాక్టరు క్లినిక్కులో ఎదుటివాడి ముక్కు వంకర గురించి అతని ముందే గట్టిగా చెప్పుకుని నవ్వుకుంటారు.

బాసు బల్ల మీద ఒక స్టీలు టిఫిన్ డబ్బా పెట్టాడు. "బెంగుళూరు సరుకు. అడుగు గిన్నెలో అయస్కాంతం. దాని మీద ఇనప రేకు. రేకు లాగేస్తే పక్కనున్న ఫ్లాపీ మూడు నిమిషాల్లో ఖాళీ."

"పై గిన్నెల?"

"పులిహోర. మా ఆవిడ చేసింది."

మర్నాడు ఉదయం లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్లో రైలెక్కినవాణ్ణి చూస్తే హన్మంతు కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. మంకీ క్యాపు, చేతి అల్లిక స్వెట్టరు, తెల్ల మీసం. కూతురింటికొచ్చి, పనిలో పనిగా యూరప్ చూడ్డానికి బయల్దేరిన రిటైర్డ్ హెడ్మాస్టరు. చేతిలో బట్టసంచి, అందులో డబ్బా. హార్విచ్‌లో దిగి, ఫ్రెడీ పోయిన బెంచీ వైపు చూడకుండా నడిచాడు. కార్లవాళ్ళు హీటర్లు వేసుకుని వరసలో దర్జాగా కూర్చున్నారు. నడిచేవాళ్ళు వానలో సామాను ఈడ్చుకుంటూ ఓడెక్కారు.

లాంజిలోకి ఎర్ర కోటు వేసుకున్న మనిషి వచ్చింది. ఆమెను చూస్తూ కాఫీ పోసేవాడు కప్పు నిండిన సంగతి మరిచాడు.

"ఈ సీటు ఇంజన్ వైపుందా?" ఇంగ్లీషులో అడిగింది. అది కోడ్‌వర్డ్.

"సముద్రమ్మీద అన్ని సీట్లూ ఒకటే మేడమ్," అన్నాడు హన్మంతు, తనూ ఇంగ్లీషులోనే.

ఆమె కూర్చుని పత్రిక తెరిచింది. "కిటికీ దగ్గర బట్టతల. నల్ల బ్రీఫ్‌కేసు. అతనే."

బట్టతల మనిషి బ్రీఫ్‌కేసు తలకింద పెట్టుకుని గుర్రు పెడుతున్నాడు. హన్మంతు అతని మీంచి చూపు తిప్పకుండా రెండు గంటలు గడిపాడు.

మధ్యాహ్నానికి ఆమె చేపా, చిప్సూ తెచ్చుకుంది. హన్మంతు పులిహోర తీశాడు. "ఆ ఉప్పు అందిస్తారా?" అందామె. అతను ఉప్పు డబ్బీ చేతికివ్వబోయాడు. ఆమె చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది, వెనక్కి పోయింది, వేలితో బల్ల మీద తట్టింది. "అక్కడ పెట్టండి." అతను పెట్టాక తీసుకుంది.

హన్మంతు ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేశాడు. ఉప్పు చేతికి చేతికి ఇచ్చుకుంటే పోట్లాటలొస్తాయని అతని అక్క ఈనాటికీ ఎవరి చేతినుంచీ ఉప్పు అందుకోదు. ఈ బెల్జియం దొరసానికి ఆ పట్టింపు ఎవరు నేర్పారు? ఐదు భాషలు నేర్పినవాళ్ళు ఆ చెయ్యికి మాత్రం పాఠం చెప్పడం మరిచిపోయినట్టున్నారు.

అప్పుడు ఫ్రెడీ చావు అర్థమైంది. ఆ హార్విచ్ బెంచీ మీద, ఇలాగే, ఈమె పక్కన కూర్చుని ఫోన్లో బాసుకి తెలుగులో అన్నీ విప్పి చెప్పుంటాడు. ఈమె పత్రిక తిప్పుతూ అన్నీ వినుంటుంది. హన్మంతుకి ఆమె గొంతు పిసికేయాలన్నంత కోపం వచ్చింది. డబ్బా మూత బిగించాడు.

కానీ ఒక ఉప్పు డబ్బీని నమ్మి బట్టతలని వదిలేస్తే, తన అనుమానం తప్పైతే, మొగిలయ్య పోతాడు. పరీక్ష పెట్టక తప్పదు.

దూరంగా తీరం గీతలా కనిపించింది. ఫోనుకి సిగ్నల్ వచ్చింది. ఆమె పక్కనే కూర్చుని బాసుకి ఫోన్ కలిపాడు.

"సార్, కబురొచ్చింది. నడిచి దిగేటోళ్ళ సంచులన్ని కస్టమ్స్ బల్లకాడ ఇప్పి చూస్తరట. జేబులు గూడ. నా టిఫిన్ సంచి ఒక్కటే ముట్టరు, మనోళ్ళు చెప్పిపెట్టిన్రు. బట్టతలోడు బల్లకాడ దొరుకుతడు."

"ఎవరు చెప్పారయ్యా నీకు?" బాసు గొంతులో అయోమయం.

"సరే సార్, ఉంట." ఫోన్ పెట్టేసి, సంచి కుర్చీలో వదిలి టాయిలెట్‌కి వెళ్ళాడు. అయస్కాంతం ముందే తెరిస్తే ఫ్లాపీ అంటుకుని ఆమెకు తెలిసిపోతుంది. అందుకని రేకు అలాగే ఉంచాడు.

పది నిమిషాలకి తిరిగొచ్చి చేతిగుడ్డ కోసం వెతుకుతున్నట్టు సంచిలో చెయ్యి పెట్టాడు. గుడ్డ మడతలో నలుచదరంగా, గట్టిగా తగిలింది. ఫ్లాపీ. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావ గండం సగం గడిచినందుకో, ఫ్రెడీ ఇంత చిన్న విషయానికి చచ్చిపోయినందుకో అతనికే తెలియలేదు.

తీసుకుని పారిపోదామంటే చుట్టూ సముద్రం. ఆమె పర్సులో ఇంకో సూది ఉండకపోదు. ఫ్లాపీ ఖాళీ అయ్యి వాళ్ళ దగ్గరికే చేరడం మేలు. రేకు పట్టుకుని లాగాడు. రాలేదు. బాసు భార్య పులిహోరలో నూనెకి లోటు చెయ్యలేదు. అది కారి, వేళ్ళకి పట్టు దొరకడం లేదు.

"ఫుట్ ప్యాసింజర్లు దిగవచ్చు," మైకు పలికింది.

"మీకు విదేశీ పాస్‌పోర్టుల లైను, చాలా పొడుగు," అందామె చిరునవ్వుతో. "పెద్దవారు, సంచి నేను పట్టుకుంటానివ్వండి."

ఆమె చెయ్యి సంచి పిడి మీద పడింది. హన్మంతు సంచిలోపల గోరు గుచ్చి లాగాడు. గోరు విరిగింది, రేకు ఊడింది. "థాంక్యూ మేడమ్," అని సంచి వదిలేశాడు.

ఆమె యూరప్ పాస్‌పోర్టుల దారిన గాలిలా వెళ్ళిపోయింది. కస్టమ్స్ బల్ల దగ్గర రోజూ ఉండే ఇద్దరు ఎవరిదో పెట్టె తెరిపిస్తున్నారు. అది చూసి ఆమె సంచి మరింత దగ్గరగా పొదువుకుంది. అయస్కాంతాన్ని గుండెకి హత్తుకుని తన సరుకు తనే తుడిచేసుకుంటూ నడిచింది. హన్మంతు మాత్రం లైన్లో నిలబడి, ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు, డబ్బెంతుంది అన్న ప్రశ్నలకి జవాబులు చెబుతున్నాడు. బట్టతల మనిషి పిల్లల బొమ్మలున్న బ్రీఫ్‌కేసు తెరిచి చూపించి, ఆవులించుకుంటూ వెళ్ళాడు.

హన్మంతు ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తేసరికి గార్డు విజిల్ నోట పెట్టాడు. ఆమె పసుపు రైలు తలుపు దగ్గర నిలబడి సంచి అందించింది. డబ్బా అలాగే ఉంది. చేతిగుడ్డ మడత విప్పి ఉంది, ఫ్లాపీ లేదు. కిటికీ వెనక ముగ్గురు మగవాళ్ళు ఆమె కోసం చూస్తున్నారు.

పని అయిపోయింది. పదకొండు మందీ బతికారు. ఇప్పుడిక నోరు మూసుకుంటే చాలు, ఫ్రెడీ లెక్క ఆ ముగ్గురే తేల్చేస్తారు. ఓడలో ఉన్నంతసేపూ హన్మంతు కోరుకున్నదీ అదే. తీరా ఆమె మెట్టు మీద కాలు పెట్టేసరికి అతనికి మనసొప్పలేదు.

"ఎక్కకు చెల్లె," అన్నాడు తెలుగులో, మెల్లగా. "అండ్ల ఏం మిగల్లే. ఖాళీది ఇస్తే నిన్ను బతకనియ్యరు. దిగు, నేను చూసుకుంట."

ఆమె కళ్ళు ఒక్క క్షణం అతని మొహం మీద నిలిచాయి. పెదవి కదిలింది. తర్వాత భుజాలెగరేసి, చక్కటి ఇంగ్లీషులో, "సారీ, మీరేమంటున్నారో నాకు అర్థం కాలేదు," అంది. తలుపు మూసుకుంది. రైలు కదిలింది.

హన్మంతు మీసం పీకి జేబులో పెట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. గెలిచినట్టు లేదు. ఫోన్ మోగింది.

"ఏవయ్యా, ఏమైంది?"

"ఫ్లాపీ ఖాళీ సార్. ముత్యం పోయింది. మనది కాదు, వాళ్ళదే. ఫ్రెడీని గూడ ఆమెనే."

బాసు ఫైలు మూసిన చప్పుడు వినిపించింది. "పోయేముందు ఏమైనా చెప్పి చూశావా?"

"చెప్పిన సార్. తెలుగు రాదన్నది."