నలభై ఒకటో ప్రశ్న

పెయింటరు కుర్రాడు క్లినిక్ గోడ మీద గీసిన ముప్ఫై రెండు పళ్ళ నవ్వుకి, పొద్దున తొమ్మిదిన్నరకి ముందుపళ్ళు రెండూ రాలిపోయాయి. రాలగొట్టింది సాక్షాత్తూ పళ్ళ డాక్టరమ్మ తండ్రి. సుత్తితో!

"ఆరు రోజుల కష్టమండీ!" గోడ ముందు గోడు వెళ్ళబోసుకున్నాడు కుర్రాడు.

"అక్కడ కిటికీ వస్తుంది," అంది డాక్టరమ్మ. మూతికి మాస్కు, పైన నిప్పులు కక్కే కళ్ళు.

"ముందే చెప్పొచ్చుగా?"

"ముందే అడగొచ్చుగా? 'ఇక్కడో నవ్వు' అన్నానో లేదో నిచ్చెనెక్కేశారు. నేనెప్పుడైనా ఎక్స్‌రే తియ్యకుండా పన్ను పీకానా?"

"ఆర్టిస్టునండీ. ఊపొస్తే ఆగలేను."

"నాకూ ఊపొచ్చి మీ పన్ను పీకితే?"

కుర్రాడు అరచేత్తో నోరు కప్పుకున్నాడు, పళ్ళ క్షేమం కోరి.

ఇంతలో ఓ పేషెంటు బోసినవ్వు గోడని చూశాడు. "గోడకే కట్టలేనివాళ్ళు నాకేం కడతారు పళ్ళు!" అని వెనక్కి తిరిగాడు. వెనకే ఇంకో ముగ్గురు.

"సోమవారంలోగా సరిచెయ్యకపోతే, మళ్ళీ ఈ గుమ్మం తొక్కకండి," అంది డాక్టరమ్మ.

పని పోతే ఇంకో పని. ఈ గుమ్మం పోతే? ఆ కళ్ళు? కుర్రాడి గుండెలో డ్రిల్లింగ్ మొదలైంది.

మర్నాడు బ్రష్షు లేకుండా వచ్చాడు. చేతిలో ప్రశ్నల కాగితాలు.

"ఒకటి. గోడ ఎన్నాళ్ళుంటుంది?"

"నేనుండగా గ్యారంటీ లేదు," అన్నాడు తండ్రి, సుత్తి తుడుచుకుంటూ.

"కిటికీ రెక్క లోపలికా, బయటికా? ఎండ ఎటునించి?" ఇలా అడుగుతూ అడుగుతూ నలభయ్యోదానికొచ్చాడు. "కుర్చీలో పడుకున్నవాళ్ళకి ఏం కనబడుతుంది?"

డాక్టరమ్మ తనే వెళ్ళి కుర్చీలో వెల్లకిలా పడుకుంది.

"సాలెగూడు," అంది పైకి చూస్తూ. "పాపం, భయంతో అందరూ దాన్నే చూస్తున్నారన్నమాట."

"అయితే బొమ్మ ఉండాల్సింది గోడమీద కాదండీ..."

"పైకప్పు మీద!"

మాస్కు జారింది. కుర్రాడు ఆ నవ్వు చూశాడు. గీయాల్సిన నవ్వు ఇదీ, అనుకున్నాడు.

రెండు రోజుల్లో గోడకి కిటికీ వచ్చింది, పైకప్పుకి ఆ నవ్వు వచ్చింది. సోమవారం పేషెంట్లు చెప్పకుండానే నోళ్ళు తెరిచారు. వెళ్ళిపోయిన నలుగురూ తిరిగొచ్చారు.

సాయంత్రం కుర్రాడు డాక్టరమ్మకి చివరి కాగితం ఇచ్చాడు.

"నలభై ఒకటి: మీ మనసు గోడలో ఎవరికైనా కిటికీ పెట్టే ఉద్దేశం ఉందా?"

ఆమె చదివి, కింద రాసింది: 'తలుపే పెట్టించాను. కొలతలు నాన్నని అడగండి.'

వెనకనించి టేపు లాగిన చప్పుడు.

"నా దగ్గర నలభై రెండు ప్రశ్నలున్నాయి," అన్నాడు తండ్రి. "కూర్చోండి, అల్లుడుగారూ!"