నాగక్క బొటనవేలు

కర్నూలు, 1954 మే నెల. కొత్త ఆంధ్ర రాష్ట్ర రాజధాని ఇంకా డేరాల్లోనే నడుస్తోంది. మధ్యాహ్నం రెండింటికి చీఫ్ నరసింహ తన డేరాలోకి ఏజెంట్ ఉరుకుందును పిలిపించాడు.

"క్వారీ గోడౌన్లో డైనమైట్ పోయింది. విదేశీ ముఠా పని. కోడ్‌నేమ్ తేలు. ఐదింటికి స్టేషన్‌కు మంత్రుల స్పెషల్ రైలు వస్తుంది. టార్గెట్ అదే."

"క్లూ?"

"గోడౌన్ రిజిస్టర్లో బొటనవేలి ముద్ర. బండలు రుద్దే నాగక్కది. నేరస్థ జాతుల సెటిల్మెంట్లో అప్పట్లో తీసిన వేలిముద్రల స్లిప్పుతో సరిపోయింది. సరుకెక్కడుందో రాబట్టు. రాత్రి బండికి ఆమెను రాయవేలూరు ఆడవాళ్ళ జైలుకు పంపేస్తాం."

"పేరు చెప్పిందెవరు?"

"మిస్ మోహన. ఐదింటికి ప్లాట్‌ఫారం మీద ముఠా మనిషిని కూడా చూపిస్తుందట."

నైలాను చీర, నల్ల కళ్ళద్దాల మోహన రికార్డుల డేరాలో టైపిస్టు. తేలు ముఠాలో ఉంటూనే ఇక్కడికి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

ఉరుకుందు వేలిముద్రల గుమాస్తా వేషం కట్టాడు. సిరా రోలరు, పెన్ను మూతలో దాచిన భూతద్దం.

లాకప్ గేటు దగ్గర నాగక్క తల్లి ఈరక్క సంగటి మూటతో కూర్చుని ఉంది.

"ఏమప్పా, నా బిడ్డను యాడికి పంపుతాండారు? సెటిల్మెంట్లో ఒకసారి మమ్మల్ని ఇడదీసినారు. తొమ్మిదేండ్లు కండ్లజూడల్యా. మళ్ళా ఓపలేనప్పా."

అతను తల దించుకుని లోపలికి నడిచాడు.

రోలరు చూడగానే నాగక్క చేతులు పైటలో దాచుకుంది.

"ముద్ర ఇయ్యను. పదహారేండ్లప్పుడు పది వేళ్ళూ పట్టుకుని ఒత్తించినారు. ఎందుకయ్యా అంటే చెంప పగలగొట్టినారు."

సెటిల్మెంట్ల చట్టం పోయింది. స్లిప్పులు పోలేదు.

"ఇస్తే ఇడుస్తారా?"

"తెలీదు," అన్నాడు ఉరుకుందు. "రిజిస్టర్లో ముద్ర నీదో కాదో చూడటానికి అడుగుతున్నా. ఆ ఒక్క పనికే. వద్దంటే తీయను."

నాగక్క అతన్ని తేరిపార చూసింది.

"ఇంతమందిలో అడిగినోడివి నువ్వొగడివే. తీసుకోప్పా."

బొటనవేలు ఒత్తాడు. కాగితం మీద నల్లటి మరక పడింది. భూతద్దంలో చూసినా ఒక్క గీత లేదు.

"ఇదేంది?"

"పద్నాలుగేండ్లు బండలు నున్నగా రుద్దితి. బండతో పాటు వేళ్ళూ అరిగిపాయ."

గోడౌన్ రిజిస్టర్లో ముద్ర గీత గీతా స్పష్టంగా ఉంది. అంటే అది పాత స్లిప్పు చూసి పోత పోసిన రబ్బరు వేలితో వేసింది! ఉరుకుందు రికార్డుల డేరాకు పరిగెత్తాడు. ఆ స్లిప్పును గోడౌన్ దొంగతనానికి ముందే బయటికి తీసినట్టు ఒకే ఒక్క సంతకం ఉంది. మోహనది.

నాలుగు యాభై ఐదు. ప్లాట్‌ఫారం మీద మోహన చేతిలో టిఫిన్ క్యారియర్.

"ఆత్మకూరులో వాన పడిందా?" అన్నాడు ఉరుకుందు.

"పడితే నేల ఎందుకిలా నోరు తెరుచుకుంటుంది?" కోడ్‌కు కోడ్ చెప్పి నవ్వింది మోహన.

ఉరుకుందు క్యారియర్ లాక్కున్నాడు. పై గిన్నెలో చిత్రాన్నం. కింద డైనమైట్, అలారం గడియారం. కూత వేస్తూ రైలు వచ్చేస్తోంది. ముల్లు పన్నెండును తాకబోతుండగా తీగ తెంపాడు.

ఆమె హ్యాండ్‌బ్యాగులో రబ్బరు వేలు దొరికింది.

"ముద్ర నాది కాదని ఆ రాళ్ళమనిషి మొత్తుకున్నా ఎవరు నమ్ముతారులే అనుకున్నా," అంది మోహన, చేతులకు బేడీలు పడుతుంటే.

"పొద్దున అడిగితే నేనూ నమ్మేవాణ్ణి కాదు."

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు.

"నాగక్క పాత స్లిప్పు చించేద్దాం సార్."

"సర్కారు ఆస్తి. కొత్తది కూడా జతచెయ్."

"అది ఉత్త మరక సార్."

"'ముద్ర పడని మనిషి, నిఘా అవసరం' అని రాయి."

"ఒక్క పనికే అని మాటిచ్చాను సార్."

"నువ్విచ్చావు. నేనివ్వలేదు."

విడుదల ఆర్డరు పట్టుకుని ఉరుకుందు లాకప్‌కు వెళ్ళాడు. గేటు బయట ఈరక్క సంగటి మూట విప్పి, రెండు ముద్దలు చేసి, కూతురి కోసం చూస్తోంది.

లోపల లాకప్ గుమాస్తా విడుదల రిజిస్టరు తిప్పాడు.

"ఈడ వేలిముద్ర పడాలప్పా. పడకుంటే విడుదల చేసినట్టు కాదు."

నాగక్క ఉరుకుందు వైపు చూసింది. ఈసారి ఆమెను ఎవరూ అడగలేదు. బొటనవేలు పట్టుకుని ఒత్తారు. మరక పడింది. మళ్ళీ ఒత్తారు. మరకే.

గుమాస్తా మంచివాడు. విసుక్కోకుండా కొత్త సిరా సీసా మూత తీశాడు.