ఉష చదివిన షరతులు

రాజాం బజారులో గణపతిరావు ఎవరి మాటా నమ్మి సరుకు కొన్న మనిషి కాదు. ఆ ఉదయం కూడా కొట్టు ముందు దిగిన బియ్యం బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు తీసి వెలుతురులో చూస్తున్నాడు. పైన పోసిన బియ్యం ఎప్పుడూ మంచివేనని ఆయన అనుభవం.

అప్పుడే పక్క కొట్టు జగన్నాధం రుసరుసలాడుతూ వచ్చాడు.

"మీ కోడలు ఫోన్లో డబ్బులు సంపాదిస్తన్నాదంట కదా బావా! పెట్టుబడి యాప్‌లో సేరితే బోనస్ ఇస్తారంట. నన్నూ సేర్చమ్మా అంటే కుదరదనేసింది. మీరొక్కరే బాగుపడాలేటి?"

గణపతిరావు గుప్పిట్లో బియ్యం జారిపోయాయి. తనకు తెలియకుండా తన ఇంట్లో ఇంత వ్యవహారమా! పైగా అది బజారుకెక్కింది. చేతులు దులుపుకుని కొట్టు వెనకున్న ఇంట్లోకి విసవిసా వెళ్లాడు.

వంటింట్లో ఉష కూర కలుపుతోంది.

"ఆ ఫోను ఇలాగియ్యి. జూదమాడతన్నావేటి? ఈ ఇంట్లో నీకేటి తక్కువైంది?"

ఉష పొయ్యి ఆపేసింది. ఫోనుతో పాటు ఓ నోటు పుస్తకం కూడా అందించింది.

"జూదం కాదు మావయ్యా. యాప్‌లకి కొత్తోళ్లని సేర్చి, సేరినోళ్లకి డబ్బులిచ్చే రివార్డుల సైటు ఒకటున్నాది. అందులోంచి వెళ్లి, పెట్టుబడి యాప్‌లో కొత్తగా ఖాతా తెరిచి వంద రూపాయలు పెడితే, సైటోళ్లు మూడొందలు ఇస్తారు."

"ఊరికే ఎవడిస్తాడమ్మా?"

"ఊరికే ఇవ్వరనే షరతులన్నీ సదివాను."

గణపతిరావు పుస్తకం తెరిచాడు. ఇంగ్లీషు షరతులన్నీ చక్కటి తెలుగులో రాసి ఉన్నాయి. 'ఇది నెలనెలా కోత పెడుతుంది, వద్దు.' 'ఇందులో డబ్బు మూడు నెలలు కదపకూడదు, వందే కాబట్టి పరవాలేదు.' తొమ్మిది యాప్‌లు చూసి ఐదింటిని వద్దని కొట్టేసింది.

"మరి జగన్నాధాన్నెందుకు సేర్చలేదు?"

"సేరిస్తే నాకు ఇంకో రెండొందలు వచ్చేవి మావయ్యా. కానీ ఆయన బోనస్‌తో ఆగరు. ఆళ్లావిడ గాజులు కుదవపెట్టి అందులో లచ్చ పెడతానన్నారు. పోవచ్చు కూడా అంటే ఇనలేదు. రేపు నిజంగా పోతే, ఆ అత్తయ్య మొహం ఎలా సూడను?"

గణపతిరావు మళ్లీ పుస్తకంలోకి చూశాడు. నలభై ఏళ్లుగా బస్తాల దగ్గర తను చేస్తున్న పనే ఈ పిల్ల కాగితాల దగ్గర చేసింది. పైగా చేతికొచ్చిన డబ్బు వదులుకుంది.

"ఆ డబ్బులేటి సేసావు?"

"పెళ్లితో ఆగిపోయిన డిగ్రీకి పరీక్ష ఫీజు కట్టాను."

"నన్నడగలేదేటమ్మా?"

"అడిగాను మావయ్యా. కిందటేడు."

గుర్తొచ్చింది. బేరం మధ్యలో తలైనా తిప్పకుండా, కోడలికి పరీక్షలేటని కసిరేశాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. ఆ మాట ఆయన నోట భార్య కూడా ఎన్నడూ విని ఎరగదు.

ఫోను ఆమె చేతిలో పెట్టి, కొట్టులోకి వెళ్లి వెంటనే తిరిగొచ్చాడు. చేతిలో రైసుమిల్లు వాళ్లు పంపిన ఒప్పంద పత్రం, నాలుగు పేజీల ఇంగ్లీషు. ఇంగ్లీషు రాక, ఒక్క ముక్క చదవకుండానే సాయంత్రం సంతకం పెట్టేద్దామనుకున్నాడు.

"సంతకం ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. పెట్టొచ్చో లేదో నువ్వు సెప్పు."

ఉష కొంగుతో చేతులు తుడుచుకుని పీట మీద కూర్చుంది. కాగితాలు తిరగేసి, ఆఖరి పేజీ అడుగు నుంచి చదవడం మొదలుపెట్టింది.