మధ్యలో ఒకే కుర్చీ

నాకు ప్రేమల మీద పెద్దగా అభిప్రాయాలు లేవు. స్పీకర్ల మీద ఉన్నాయి. కనజావా ఊళ్ళో, నది పక్క వీధిలో, జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ స్పీకర్లూ ఆంప్లిఫైయర్లూ అమ్ముకుని బతుకుతున్నాను. కాబట్టి ఈ కథలో స్పీకర్ల సంగతి నా మాట మీద నమ్మండి. మిగతాది వాళ్ళిద్దరూ చెరో పక్క నుంచి నాకు చెప్పింది.

అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు అని మా ఊరి సామెత. ఒక శనివారం నొనొమురా అనే కుర్రాడు రెండోది మర్చిపోయాడు. వాన మొదలవగానే ఎదురుగా కనిపించిన తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. అది మా షాపు.

లోపల చిగుసా ఉంది. నా దగ్గర పని నేర్చుకుని నన్ను మించిపోయిన పిల్ల. స్పీకర్లను కొన్నవాళ్ళ ఇళ్ళకు తీసుకెళ్ళి అమర్చి రావడం తన పని. ఇంటిపేరు త్సుజి, అందుకని కొనేవాళ్ళంతా త్సుజిగారూ అంటారు. కొత్తగా వచ్చిన పొడవాటి స్పీకర్ల జత మీద ఒక పాత గాయని రికార్డు పెట్టి వింటోంది.

నొనొమురా జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా కాసేపు నిలబడి విన్నాడు.

"ఏమండీ, పాడే ఆవిడ కొంచెం ఎడమ పక్కకి జరిగి నిలబడిందండి," అన్నాడు.

చిగుసా తిరిగి చూసింది. తడిసిన చొక్కా, ఆవిరి పట్టిన కళ్ళజోడు.

"జరగలేదండి. సరిగ్గా మధ్యలో ఉంది. ముందు మీరు ఆ కళ్ళజోడు తుడుచుకోండి."

"నేను వింటున్నది చెవులతోనండి."

"అవీ తడిసే ఉంటాయి."

నేను పేపరు కిందికి దించాను. షాపుకొచ్చిన మనిషితో ఇలా మాట్లాడితే వ్యాపారం సాగినట్టే. కానీ చిగుసా పౌరుషం కొద్దీ టేపు తెచ్చి కొలిచింది. నేల తుడిచేటప్పుడు తగిలిందో ఏమో, ఎడమ స్పీకరు బొటనవేలు మందాన ముందుకు వచ్చి ఉంది. దాన్ని వెనక్కి జరిపింది. తన చెవులు ఎర్రగా అయిపోయాయి.

"ఇప్పుడు మధ్యలోకి వచ్చింది. థాంక్సండి," అన్నాడు నొనొమురా.

"మీరెందుకు చెప్తారు థాంక్స్?"

"ఆవిడ తరఫున."

ఇదేమిటో తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. రెండు స్పీకర్లను సరిగ్గా అమర్చితే గొంతు వాటిలోంచి రాదు. రెంటికీ మధ్య ఖాళీ జాగాలోంచి వస్తుంది. కళ్ళు మూసుకుంటే మనిషి అక్కడ నిలబడి పాడుతున్నట్టే ఉంటుంది. ఆ లేని మనిషిని నిలబెట్టడానికే జనం మా షాపులో జేబులు ఖాళీ చేసుకుంటారు. అయితే అది ఒక్క చోట కూర్చున్నవాడికే కనిపిస్తుంది. అందుకని ఈ పిచ్చి ఉన్న ఏ ఇంట్లో చూసినా వినే గదిలో కుర్చీ ఒక్కటే ఉంటుంది, సరిగ్గా మధ్యలో. మా షాపులోనూ అంతే.

నొనొమురా వృత్తి కట్టుడు పళ్ళు తయారు చేయడం. వెంట్రుక వాసి తేడా కూడా కుదరని పని. ఒంటరిగా ఉంటాడు. చదువుకునే రోజుల్లో కొన్న చిన్న స్పీకర్లు తప్ప ఇంట్లో ఇంకేమీ లేవట. అవి మార్చి ఈ పొడవాటివి కొందామనుకుంటున్నానని చెప్పి మరుసటి శనివారం వచ్చాడు. ఆ తర్వాతి శనివారం వచ్చాడు. అలా రెండేళ్ళు గడిచాయి.

"ఇంకా ఆలోచిస్తున్నారా?" అనేది చిగుసా, రికార్డు తుడుస్తూ.

"ఆలోచిస్తున్నానండి."

"పెళ్ళిచూపులు కూడా ఇన్నిసార్లు జరగవు."

"పెళ్ళిచూపులైతే రెండోసారికే తేల్చి చెప్పమంటారు. అందుకే నాకిదే నయం."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. అతను ఆ ఒక్క కుర్చీలో కూర్చునేవాడు, తను వెనక నిలబడేది. ఇందులో అర్థం కానిదేముంది? కొనేస్తే ఇక రావడానికి నెపం ఉండదని అతని బాధ. నాకు మొదటి నెలలోనే తెలిసిపోయింది. చిగుసాకి మాత్రం తెలియదు.

"ఆయనకి కావలసింది స్పీకర్లు. వాటి పక్కన నేనో స్టాండుని," అంది ఒకసారి, వైర్లు చుడుతూ. శనివారం పొద్దునపూట ఆ స్పీకర్లనే రెండేసిసార్లు తుడిచేది ఎందుకో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు. మా వైపు అలాంటివి అడగరు.

ఈ లోపల ఒసాకా నుంచి చిగుసా వాళ్ళ అత్త ఫోన్ చేసింది. అక్కడ పెద్ద షాపులో చిగుసాకి ఉద్యోగం చూసిందట. దాంతో పాటు బ్యాంకులో పనిచేసే అబ్బాయిని కూడా చూసిందట. వానాకాలం పోకముందే రమ్మంది. చిగుసా కొన్నాళ్ళు నాన్చి, ఆఖరికి సరే అంది.

"వచ్చే నెల నుంచి నేనుండనండి," అని నొనొమురాతో చెప్పింది. "ఒసాకా వెళ్ళిపోతున్నాను. ఇకనుంచి మురైగారే మీకు వినిపిస్తారు."

మురై అంటే నేను. నన్ను చూసి నొనొమురా ముఖంలో ఏమీ ఆనందం కనిపించలేదు. రికార్డు ఆ పక్క అయిపోయేదాకా కూర్చుని విన్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"ఈ స్పీకర్లు కొంటానండి. అమర్చేది మాత్రం త్సుజిగారే అవ్వాలి."

వెళ్ళేలోపు ఒక్కసారైనా తన ఇంటికి వస్తుంది కదా అని అతని ఆశ. చిగుసాకి అది వేరేలా వినిపించింది. లోపలి గదిలోకొచ్చి తుడిచే గుడ్డ బల్ల మీద కొట్టింది.

"చూశారా? రెండేళ్ళు నాన్చి, నేను పోతున్నాననగానే కొనేశాడు. పీడ విరగడైందనుకుని ఉంటాడు."

"పోయి అడుగు," అన్నాను.

"అలాంటివి ఎవరైనా అడుగుతారా?"

కక్కలేక మింగలేక ఉన్న ఇద్దరి మధ్య నేను చేయగలిగింది బిల్లు రాయడమే. రాశాను.

స్పీకర్లు మోయడానికి నేనూ వెళ్ళాను. నొనొమురా ముందే కింది వాటా, పక్క వాటా వాళ్ళకి తలో మిఠాయి డబ్బా ఇచ్చి, ఇకమీదట చప్పుడవుతుందని తలవంచి క్షమాపణ చెప్పుకున్నాడట. మర్యాదస్థుడు. అయితే కొత్త స్పీకర్లు కొత్త చెప్పుల్లాంటివి, కొన్నాళ్ళు వాడితే గానీ మెత్తబడవు. రోజంతా మోగించాలి, అదీ పక్కవాళ్ళ చెవులు చిల్లులు పడకుండా. దానికి మా వాళ్ళకో పద్ధతి ఉంది. రెండు స్పీకర్లనూ ఎదురెదురుగా ఆనించి పెడతాం. ఒకదాని వెనక వైర్లు తారుమారు చేస్తాం, ఎర్ర వైరు నల్లదాని చోట, నల్ల వైరు ఎర్రదాని చోట. అప్పుడు ఒకటి గాలిని తోస్తుంటే రెండోది లాక్కుంటుంది. చప్పుడు చాలావరకూ అక్కడికక్కడే చచ్చిపోతుంది. పైన ఒక బొంత కప్పుతాం.

నొనొమురా తన చలికాలపు బొంత తెచ్చాడు. రెండు స్పీకర్లూ ముఖాలు ఆనించుకుని దాని కింద దూరాయి.

"చూడ్డానికి కొంచెం ఇబ్బందిగా ఉందండి," అన్నాడు.

చిగుసా వినపడనట్టు బొంత అంచులు సర్దింది. నేను కిటికీలోంచి వానని చూశాను.

వారం తర్వాత చిగుసా ఒక్కతే వెళ్ళింది. బొంత తీసి, స్పీకర్లను వాటి చోట నిలబెట్టి, తారుమారు చేసిన వైర్లను మళ్ళీ సరిచేసి, కుర్చీ ఉండాల్సిన చోట నేల మీద టేపుతో గుర్తు పెట్టి రావాలి. అదే తను నా షాపు తరఫున చేసే ఆఖరి పని. చీకటి పడేలోపే తిరిగొచ్చింది.

"అయిందా?"

"అయింది."

"ఏమన్నా అన్నాడా?"

"బార్లీ టీ ఇచ్చాడు."

"అంతేనా?"

"ఐసు వేసి ఇచ్చాడు," అని సామాన్ల పెట్టె గట్టిగా మూసింది.

రెండు రోజుల తర్వాత నొనొమురా ఫోన్ చేశాడు. చిగుసా ఆ పూట రైలు టిక్కెట్టు తెచ్చుకోవడానికి స్టేషనుకి వెళ్ళింది. మర్నాటి పొద్దుటి బండి.

"మురైగారూ, పాడే ఆవిడ కనిపించడం లేదండి," అన్నాడు. "గొంతు గదంతా ఉంది. మధ్యలో మాత్రం మనిషి లేదు. త్సుజిగారు ఒకసారి వచ్చి చూస్తారేమో అని."

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళను రోజూ చూస్తుంటాను. కానీ ఇతని చెవి అలాంటిది కాదు. నేనే వాన్ తీసుకుని వెళ్ళాను. తలుపు తీసి నన్ను చూడగానే అతని ముఖం వాడిపోయింది.

ఎడమ స్పీకరు వెనక చూశాను. ఎర్ర వైరు నల్లదాని చోట ఉంది, నల్ల వైరు ఎర్రదాని చోట ఉంది. బొంత కింద ఎలా ఉండేదో అలాగే వదిలేసి ఉంది. పనిలో చేరిన మొదటి వారం కుర్రాడికి కూడా తెలిసే తప్పు. నేను తలెత్తి చూసేసరికి నొనొమురా కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. వానలో తడిసి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, బొటనవేలు మందం తేడా పట్టిన మనిషి! ఇది తెలియదా ఇతనికి?

అప్పుడు ఇంకోటి కూడా తట్టింది. చిగుసా వైర్లు బిగించాక వేళ్ళతో తడిమి చూసుకోకుండా ఎవరి గుమ్మమూ దాటి ఎరగదు.

"ఇది నాకు అంతు చిక్కడం లేదండి," అన్నాను. "త్సుజినే పంపాలి."

తప్పు కళ్ళ ముందు పెట్టుకుని సరిచేయకుండా వచ్చేయడం ఎంత కష్టమో మా పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. వాన్ ఎక్కాక కూడా నా వేళ్ళు దురద పెట్టాయి.

షాపులో చిగుసాకి చెప్పాను. "నొనొమురాకి సౌండు కుదరలేదట. వెళ్ళి చూశాను. నాకేం దొరకలేదు."

తను నా ముఖంలోకి చూసింది. "మీకు దొరకలేదా?"

"వయసు మీద పడుతోంది కదా."

గొడుగు తీసుకుని వెళ్ళింది. సామాన్ల పెట్టె బల్ల మీదే ఉండిపోయింది.

ఇక్కడి నుంచి నేను చూసింది కాదు. చిగుసా గదిలోకి వెళ్ళి, రికార్డు పెట్టి, సగం పాట నిలబడి విందట.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అని అడిగింది.

"ఆ రోజు మీరు మెట్లు దిగుతుండగానే."

"అప్పుడే పిలవొచ్చుగా."

"పిలిస్తే చిటికెలో సరిచేసి వెళ్ళిపోయేవారు."

"వెనక చూశారా?"

"చూశాను."

"వైరు తారుమారుగా ఉందని తెలిసీ మీరే ఎందుకు మార్చుకోలేదు?"

"మార్చేస్తే మిమ్మల్ని పిలవడానికి ఇంకేం మిగులుతుందండి?" అన్నాడు నొనొమురా. మళ్ళీ అతనే, "నాకు అర్థం కానిది ఒకటే. మీరు వైరు తప్పు పెట్టే మనిషి కాదు," అన్నాడు.

"కాదు."

"మరి?"

చిగుసా గొడుగు ఇంకా చేతిలోనే ఉంది. నేలంతా నీళ్ళు.

"టీ ఇచ్చారు. గ్లాసు తీసుకున్నారు. జాగ్రత్తగా వెళ్ళండి అన్నారు. రెండేళ్ళకి అదా మాట? నాకు ఒళ్ళు మండింది. వైరు అలాగే వదిలేశాను. మీ చెవికి తెలుస్తుందని తెలుసు. తెలిస్తే పిలుస్తారేమో అనుకున్నాను. పిలవకపోతే ఇక మీకేం అక్కర్లేదని అర్థం చేసుకుని రేపు రైలెక్కేదాన్ని."

"పిలిచానుగా."

"రెండు రోజులు పట్టింది."

"ఫోను పట్టుకుని కూర్చున్నాను," అన్నాడు. "నేను షాపుకొచ్చింది స్పీకర్ల కోసం కాదండి. మొదటి రోజు వాన వల్ల వచ్చాను. తర్వాతెప్పుడూ మీ కోసమే వచ్చాను. కొనేస్తే మళ్ళీ రావడానికి ఉండదని భయపడ్డాను. మీరంటే నాకిష్టం. ఒసాకా వెళ్ళొద్దు."

చిగుసా అప్పుడు ఏడ్చిందని అతనంటాడు. గొడుగు నీళ్ళని తనంటుంది. నేనెవరి పక్షమూ కాను.

తర్వాత ఇద్దరూ ఎడమ స్పీకరు వెనక మోకాళ్ళ మీద కూర్చున్నారు. అతను టార్చి పట్టుకున్నాడు, తను వైర్లు మార్చింది. ఇద్దరు అవసరమయ్యే పని కాదది. పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. పాడే ఆవిడ వచ్చి మధ్యలో నిలబడింది.

"కూర్చోండి, మీ కుర్చీ," అంది చిగుసా.

"నువ్వు కూర్చో, చిగుసా."

ఆ కుర్చీ అలా ఖాళీగానే ఉంది. మడిచి ఉన్న బొంత మీద, గోడకి ఆనుకుని, ఇద్దరూ కూర్చున్నారట. అక్కడ సౌండు ఏమాత్రం బాగుండదు.

మర్నాడు రైలు తనని వదిలేసి వెళ్ళింది. ఒసాకా షాపుకి చిగుసా మిఠాయి డబ్బా, క్షమాపణ పంపింది. అత్త కొన్నాళ్ళు మాట్లాడలేదు. బ్యాంకు అబ్బాయికి ఇంకో సంబంధం తేలిగ్గానే కుదిరింది. ఆకులు ఎర్రబడే రోజుల్లో వీళ్ళ పెళ్ళయింది. పెళ్ళిపెద్దగా నన్ను నాలుగు మాటలు చెప్పమంటే స్పీకర్ల గురించి చెప్పాను. ఎక్కువసేపు చెప్పానని అందరూ అన్నారు. నా తర్వాత షాపు చిగుసాదే, అది కూడా అప్పుడే చెప్పేశాను.

వాళ్ళింటికి అప్పుడప్పుడూ వెళ్తుంటాను. వినే గదిలో ఇప్పుడు రెండు కుర్చీలు. టేపు గుర్తుకి అటొకటి, ఇటొకటి. నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఇలా అయితే పాడే ఆవిడ అతనికి కుడి పక్కన, నీకు ఎడమ పక్కన కనిపిస్తుంది," అన్నాను. "ఒక కుర్చీ తీసేసి వంతులవారీగా వినండి."

"మాకిలాగే బాగుందండి," అంది చిగుసా.

"ఇంత ఖరీదు పెట్టి?"

"అవునండి, ఇంత ఖరీదు పెట్టి," అన్నాడు నొనొమురా.

ఈ పనిలో ఉన్నవాడిగా దీన్ని నేను ఒప్పుకోలేను. అందుకని వెళ్ళినప్పుడల్లా చెప్తున్నాను, వాళ్ళు వినడం లేదు. అయితే మొన్న వెళ్ళినప్పుడు రెండు కుర్చీల మధ్యలో, సరిగ్గా టేపు గుర్తు మీద, చిన్న కుర్చీ ఒకటి కనిపించింది. అందులో కూర్చోవాల్సిన మనిషి ఇంకా రాలేదు. చలికాలానికి వస్తుందట. ఆ ఇంట్లో పాట సరిగ్గా వినబోయేది ఆ ఒక్కరే.