రెండు ఎర్రచుక్కలు

"ఇంకా ఎంతసేపు చెల్లాయ్?"

స్పీకర్‌లో అన్నయ్య గొంతు. ఆయాసపడుతున్నాడు.

"రెండు నిమిషాలు అన్నయ్యా! అప్పటిదాకా లోపలికి వెళ్లకు!"

ఆమె కళ్లు పోలీస్ కంట్రోల్ రూమ్ గోడమీది స్క్రీన్‌ని వదలడం లేదు. నెల రోజుల డేటా. తొమ్మిది కోట్ల ఫోన్ సిగ్నళ్లు. నగరం మ్యాప్ నిండా ఆకుపచ్చ చుక్కలు... ఒక్కో చుక్కా ఒక్కో ఫోన్.

ఒకే కేసులో ముగ్గురు సాక్షుల్ని చంపేశారు. నాలుగోవాడు పాత గోడౌన్‌లో దాక్కున్నాడు. వాణ్ణి ప్రాణాలతో తీసుకురావడానికే ఎస్సై అన్నయ్య వెళ్లాడు.

ఒక్కో హత్యకు గంట ముందు, ఆ మూడు చోట్లా ఉన్న ఫోన్ ఏది?

వెతుకుతుంది. సున్నా.

మళ్లీ వెతుకుతుంది. సున్నా!

ఒళ్లు మండిపోతుంది. ఇన్ని కోట్లలో ఒక్కటీ లేదా?

అప్పుడు కనబడుతుంది... స్క్రీన్ మూలన చిన్న టిక్కు. 'మనవాళ్లు.' పోలీసుల ఫోన్లను లెక్కలోంచి తీసేసే టిక్కు. రోజూ డ్యూటీ ఎక్కగానే అలవాటుగా తనే పెట్టేస్తుంది.

టిక్కు తీసేస్తుంది.

రెండు చుక్కలు! మూడు చోట్లా!

ఒకటి టీమ్ హెడ్ సార్ గన్‌మ్యాన్‌ది. ఇప్పుడు గోడౌన్ దగ్గర, అన్నయ్య వెనకే ఉంది. తోడుగా ఉంటాడని సారే పంపించాడు మరి!

రెండోది... ఈ కంట్రోల్ రూమ్‌లోనే ఉంది.

వెనక తలుపు గడియ పడుతుంది.

సార్!

టీమ్ మొత్తానికి పెద్దదిక్కు అనుకున్న మనిషి. ఒక చేతిలో పిస్టల్‌తో వంగి, ఫోన్ మ్యూట్ నొక్కుతాడు.

"తెలివైనదానివే. ఆ రెండూ చెరిపెయ్. నేనొక్క మెసేజ్ కొడితే మీ అన్నయ్య ఉండడు."

ఆమె తల దించుకుంటుంది. చూపు సార్ సాక్స్ మీద పడుతుంది.

ఒకటి ఎరుపు. ఒకటి ఆకుపచ్చ.

ఆఫీసంతా చాటుగా నవ్వుకునే సంగతే. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కూడా "ఏం పడిందయ్యా?" అని డ్రైవర్‌ని అడుగుతాడు. ఆ రెండు రంగులూ ఆయనకి ఒకటే!

మౌస్ కదుపుతుంది. రెండు చుక్కలూ పట్టుకుంటుంది.

రంగు... ఎరుపు.

ఎరుపంటే హంతకుడు. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. ఇదే మ్యాప్ అన్నయ్య చేతిలోని ట్యాబ్‌లోనూ ఉంది.

"ఇంకా పోలేదేం?"

"సర్వర్‌లోంచి పోవడానికి నిమిషం పడుతుంది సార్."

సార్ మ్యూట్ తీస్తాడు. "ఏమీ దొరకలేదని చెప్పు. మామూలుగా," చెవిలో గుసగుసగా అంటాడు.

"ఏమీ దొరకలేదు అన్నయ్యా. వెళ్లేముందు మ్యాప్ ఒకసారి చూసుకో."

స్పీకర్‌లో అన్నయ్య అడుగుల చప్పుడు ఆగిపోతుంది...

ఢాం!

"పాపం," అంటాడు సార్, తాపీగా.

"అన్నయ్యా!"

"బతికే ఉన్నానే! తిరిగి చూసేసరికి గన్ తీస్తున్నాడు వెధవ! నేనే ముందు కాల్చేశా!"

ఆమెకు ఏడుపొస్తుంది. అన్నయ్య ఉన్నాడు, అంతే చాలు. చెయ్యి మ్యూట్ మీదికి వెళ్తుంది...

ఆలస్యమైపోయింది.

"చెల్లాయ్, రెండో ఎర్రచుక్క నీ రూమ్‌లో చూపిస్తోందేంటి? ఎవడే వాడు?"

సార్ గోడవైపు చూస్తాడు. ఆయన కంటికి అన్నీ ఒకే రంగు చుక్కలు.

చెవులు మాత్రం బాగానే వినబడతాయి.

లైన్ ఇంకా తెగలేదు. రెండో తూటా చప్పుడు అన్నయ్యకి స్పష్టంగా వినబడుతుంది.